కుడిచేతి అక్షరాలు

పిన్నిగారు పోయారని పోయిన బుధవారం పొద్దున ఆఫీసుకి ఫోనొచ్చింది. చేసింది ఆవిడ అద్దెకుంటున్న ఇంటి ఓనరు. "గోడ మీద రెండే నంబర్లు రాసున్నయ్యండీ. ఒకటి వాళ్ళ తమ్ముడిది, ఒకటి మీది. ఆయనకి చెప్పాను, బయల్దేరుతున్నాడు" అన్నాడు. సగం కొట్టిన ఉత్తరం తెర మీద అలాగే వదిలేసి, పర్మిషన్ రాసిచ్చి బయటికొచ్చాను. బస్టాపులో నిలబడ్డాక గానీ ఏడుపు రాలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. నాకు టైపు నేర్పిన మాష్టారి భార్య. ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చే ఆడపిల్లలందరం ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలిచేవాళ్ళం. మాష్టారు పోయినప్పుడు ఆయన దగ్గర నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. కృష్ణ ఒడ్డున నిలబడి ఆయన గురించి మంచి మాటలు చెప్పుకున్నారు. పిన్నిగారి గురించి చెప్పుకునేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది వచ్చిన చోట చెబుతాను.

తొంభైల్లో, ఇంటర్ అయిపోగానే మా నాన్న నన్ను టైపులో చేర్చారు. మైలవరంలో బస్సెక్కి, గొల్లపూడి దాటాక భవానీపురంలో దిగేదాన్ని. మాష్టారిది రోడ్డు మీదికే ఉన్న పెంకుటిల్లు. ముందు గదిలో పన్నెండు మిషన్లు, వెనక గదిలో కాపురం, మధ్యలో ఒక కర్టెన్. మిషన్లన్నీ ఒక్కసారి మొదలైతే రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టుండేది. మాష్టారు చేతిలో స్కేలు పట్టుకుని మా వెనక తిరిగేవారు. "వేళ్ళు చూసి కొట్టేవాడు టైపిస్టు కాదు, గింజలేరుకునే కోడి" అనేవారు. తల వంచి చూశామా, మెటికల మీద దెబ్బ పడేది.

పిన్నిగారు రోజుకి రెండుసార్లే ఆ కర్టెన్ దాటి వచ్చేవారు. పొద్దున మాకు మంచినీళ్ళ బిందె పెట్టడానికి, సాయంత్రం మిషన్ల మీద గుడ్డలు కప్పడానికి. ఆదివారాలు మాత్రం ఆ గది ఆవిడది. పాత పళ్ళ బ్రష్షు, చిన్న గిన్నెలో కిరసనాయిలు పెట్టుకుని కింద కూర్చుని పన్నెండు మిషన్లూ తుడిచేవారు. ఒక్కో మీటా విడివిడిగా తుడిచేవారు. ఇరవై ఏళ్ళు అలా తుడిచారు, ఏ మీట మీద ఏ అక్షరముందో తెలీకుండానే.

ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. వాళ్ళ నాన్న చేపలు పట్టి కైకలూరు తెచ్చి అమ్మేవాడు. అయిదో తరగతి దాకా తెలుగు చదివించి ఆపేశారు. మాష్టారిదీ ఆ చుట్టుపక్కల ఊరే, ఆ కులమే. కాకపోతే ఆయన వాళ్ళల్లో మొదట ఇంగ్లీషు చదువుకున్న మనిషి. ఆ మాట ఆయనా మర్చిపోలేదు, ఆవిణ్ణీ మర్చిపోనివ్వలేదు.

ఒకరోజు మా బ్యాచిలో ఒకమ్మాయి ఊరికే అడిగింది. "పిన్నిగారూ, ఇంట్లోనే ఇన్ని మిషన్లున్నయ్ కదా, మీరెందుకు నేర్చుకోలేదండీ?"

ఆవిడ నోరు తెరిచేలోపే మాష్టారు అందుకున్నారు. "ఆవిడా? ఆ వేళ్ళు చేపల పొలుసు తియ్యడానికి పుట్టినయ్యమ్మా. టైపుకి కాదు."

బ్యాచంతా నవ్వింది. నేనూ నవ్వాను. పిన్నిగారు కూడా కాస్త నవ్వి, ఖాళీ బిందె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఇంకో కారణం ఉందన్నానే, అది ఇదే. ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది.

ఎందుకంటే, అంతకు ముందే ఆవిడ నాకు అన్నం పెట్టారు. టైపు లోయర్ పరీక్ష మొదటిసారి తప్పాను. ఫలితాలు చూసుకుని, ఇంటికెళ్ళి మా నాన్నకి ఏం చెప్పాలో తెలీక ఇన్‌స్టిట్యూట్ అరుగు మీద కూర్చుని ఉంటే, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. "పరీక్ష తప్పినవాళ్ళకి ఆకలెయ్యదనుకుంటారు అందరూ. తిను ముందు" అని చేపల పులుసు వేసి పెట్టారు. ముల్లు తీసి మరీ పెట్టారు. తిన్న చెయ్యి కడుక్కున్నాక, "ఇంకోసారి రాయి. మిషను ఎక్కడికీ పోదు" అన్నారు.

రెండోసారి పాసయ్యాను. హయ్యర్ కూడా అయ్యింది. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, భవానీపురంలోనే వాళ్ళకి రెండు వీధుల అవతల కాపురం పెట్టాం. మిషన్లు మాత్రం ఆవిడ అన్నట్టు ఉండిపోలేదు. రెండువేల సంవత్సరం దాటేసరికి బెజవాడలో ఏ సందు చూసినా కంప్యూటర్ బోర్డులే. పన్నెండు మంది వచ్చే బ్యాచికి ముగ్గురు వచ్చేవాళ్ళు. తర్వాత ఒకరు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

మాష్టారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఒకరోజు బీసెంట్ రోడ్డు నుంచి టీవీ గేమ్ ఒకటి కొనుక్కొచ్చారు. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. చూడ్డానికి అచ్చం కంప్యూటర్ కీబోర్డులా ఉండేది, టీవీకి తగిలిస్తే ఆటలొచ్చేవి. పై దేశాల్లో ఎప్పుడో పాతబడి మూలన పడ్డ ఆటలకి కాపీ సరుకు అది. మనకి అప్పుడే కొత్త. దాంతో రెండు కేసెట్లు ఇచ్చేవాళ్ళు. ఒకదాంట్లో కాల్చే ఆటలు, గెంతే ఆటలు, కార్ల పందేలు. పిల్లలు దానికోసం కొట్టుకునేవాళ్ళు. రెండోది చదువుల కేసెట్. అందులో టైపు నేర్పే ఆటలు, కూడికలు, తీసివేతలు ఉండేవి. ఎవరింట్లోనైనా దాన్ని ఒక్కసారి పెట్టి చూసి తీసేసేవాళ్ళు. మా పక్కింటివాళ్ళు గాలికి తలుపు కొట్టుకోకుండా సందులో దోపేవాళ్ళు దాన్ని.

మాష్టారికి కావాల్సింది ఆ రెండోదే. అందులో ఒక ఆట ఉంది. కింద నీళ్ళు, నీళ్ళలో ఒక పడవ. పైనించి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పడుతుంటాయి. అక్షరం పడవని తాకేలోపు ఆ మీట నొక్కితే అది మాయమైపోతుంది. నొక్కకపోతే పడవకి చిల్లు పడుతుంది. అయిదు చిల్లులకి పడవ మునిగిపోతుంది. అంతే ఆట. పోనుపోను అక్షరాలు వేగంగా పడతాయి. ఎవడు రాశాడో గానీ, కుడిచేత్తో కొట్టాల్సిన అక్షరాలు కుడివైపు, ఎడమచేతివి ఎడమవైపు పడేలా పెట్టాడు. గేమ్ తెచ్చిన నాలుగో రోజే మాష్టారు నాకు చూపించి, "చూశావా? వీడెవడో మనవాడే. టైపు తెలిసినవాడు" అన్నారు. ఆయన మొహంలో అంత సంతోషం అంతకు ముందు నేను చూడలేదు.

ఆ ఆటతో పిల్లలకి టైపు చెబుతానని బోర్డు రాయించారు. ఒక నెల కొంతమంది పిల్లలు వచ్చారు. వాళ్ళకి కావాల్సింది కాల్చే కేసెట్. ఈయన అది పెట్టరు. రావడం మానేశారు. ఆ ఏడాదే మిషన్లు పాత ఇనుము కింద ఇచ్చేశారు. బండివాడు వచ్చే ముందు ఆదివారం వెళితే, పిన్నిగారు బ్రష్షు, గిన్నె పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "అమ్మేసేవాటికి ఎందుకండీ పిన్నిగారూ?" అన్నాను. తలెత్తకుండానే, "పోయేవాటిని మురికిగా పంపుతామా?" అన్నారు.

తర్వాత వానాకాలంలో మాష్టారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. తెలివి పోలేదు. అన్నీ అర్థమవుతాయి, నోట్లోంచి చప్పుడు తప్ప మాట రాదు. పలక తెచ్చి ఎడమచేతికి బలపం ఇస్తే, వంకర గీతలు తప్ప అక్షరాలు రాలేదు. జీవితమంతా అచ్చు గుద్దినట్టు కాగితం తియ్యడం నేర్పిన మనిషి, ఆ గీతలు చూసుకుని పలక గోడకేసి కొట్టారు. తెలుగు అక్షరాల పటం తెచ్చి వేలితో చూపించమంటే, తనని పసిపిల్లాడిలా చూస్తున్నామనుకున్నారేమో, తోసేశారు. చివరికి ఎడమచేత్తో టీవీ వైపు, ఆ గేమ్ వైపు చూపించడం మొదలుపెట్టారు. ఆ చదువుల కేసెట్లోనే ఖాళీ నీలం పేజీ ఒకటి ఉండేది, ఏది నొక్కితే అది తెర మీద పడేది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. పిన్నిగారికి ఒక్క అక్షరం తెలీదు. ఆయన కొట్టినవి చదివిపెట్టడానికి సాయంత్రాలు నేను వెళ్ళేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున పిన్నిగారు మా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చారు. "అమ్మాయ్, ఒక్కసారి రా. మీ మాష్టారు కాఫీ తాగిందగ్గర్నుంచీ ఒకటే రాస్తన్నారు. పేజీ నిండిపోయింది. రోజూ రాసే మందులూ, మంచినీళ్ళూ కాదది. అంత పొడుగున్నై అక్షరాలు. ఏదో చెప్తన్నారు నాకు."

పొయ్యి ఆర్పేసి చెప్పులు కూడా లేకుండా వెళ్ళాను. వాళ్ళ గడపలో కాలు పెట్టేసరికి ఫ్యాను ఆగింది. టీవీ నల్లగా అయిపోయింది. కరెంటు పోయింది.

మాష్టారు ఒక చప్పుడు చేశారు. ఆ చప్పుడు నేను రాయలేను. ఆయన ఎడమ చెయ్యి ఇంకా మీటల మీదే ఉంది. ఆ గేమ్‌లో రాసింది దాచుకునే సౌకర్యం లేదు. రెండు గంటల తర్వాత కరెంటు వచ్చింది, నీలం పేజీ ఖాళీగా వచ్చింది. "మళ్ళీ రాయండి. ఈ అమ్మాయిని ఇక్కడే కూర్చోబెడతాను, మళ్ళీ రాయండి" అని పిన్నిగారు గెడ్డం పట్టుకుని బతిమాలారు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ సాయంత్రమే ఆవిడ మళ్ళీ మా ఇంటికొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. "నాకు ఇంగ్లీషు అక్షరాలు చెప్పమ్మా" అన్నారు.

"ఇప్పుడెందుకు పిన్నిగారూ, నేను రోజూ వచ్చి చదువుతాగా?"

"నువ్వొచ్చేలోపు కరెంటు పోతుంది."

పాత క్యాలెండరు వెనక ఇంగ్లీషు అక్షరాలు రాసి, ఒక్కోదాని పక్కన తెలుగులో దాని శబ్దం రాసి, వాళ్ళింట్లో టీవీ పక్క గోడకి అంటించాను. రాస్తూ అడిగాను. "ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా మాష్టార్ని నేర్పమని అడిగారా?"

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేనడగలేదు, ఆయన పెట్టలేదు" అన్నారు, కోపం లేకుండా.

అక్షరాలు గుర్తుపట్టడానికి ఆ పడవ ఆట పెట్టమన్నాను. మొదటి రోజుల్లో ఆవిడ ఒక్క అక్షరం వెతుక్కునేసరికి పడవ మునిగిపోయేది. "అయ్యో, మునిగిందయ్యో" అని నిజంగా లేచేవారు. పడవలు మునిగే లంకలో పుట్టిన మనిషి కదా, ఆవిడకి అది ఆటలా ఉండేది కాదు. మాష్టారు మొదట మొహం తిప్పుకునేవారు. తర్వాత చూడ్డం మొదలుపెట్టారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి, ఆయన పెన్సిలు పట్టుకుని ఆవిడ వేళ్ళ మీద కొడుతున్నారు, మీటల వైపు చూసిందని. ఇంకో వారానికి వెళితే, బల్ల మీద ఒక పక్కకి జరిగి కూర్చుని ఉన్నారు. రెండో పక్క పిన్నిగారు. ఒకటే కీబోర్డు ఇద్దరి ముందూ ఉంది. ఎడమవైపు అక్షరాలు ఆయన ఎడమచెయ్యి కొడుతోంది. కుడివైపువి ఆవిడ కుడిచెయ్యి. తెర మీద పడవ మునగకుండా పోతోంది. నన్ను కూర్చోమనడానికి కూడా ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు.

ఆయన కొట్టింది ఆవిడ సొంతంగా చదివిన మొదటి రోజు నేను అక్కడే ఉన్నాను. నీలం పేజీ మీద రెండు మాటలున్నాయి. ఆవిడ గోడ మీద క్యాలెండరు చూస్తూ, పెదాలు కదుపుతూ, "ఉ... ప్పు. ఉప్పు! ఉప్పేగా?" అని నా వైపు తిరిగారు. ఇంగ్లీషులో ఆ మాటకి కావాల్సిన అక్షరాలన్నీ కుడిచేతివే, అవి ఆవిడకి బాగా వచ్చు. రెండోది 'ఎక్కువ' అని నేను చదివాను. "ఉప్పెక్కువైందంటన్నారా?" అని పళ్ళెం వైపు చూసి, ఆయన వైపు చూసి, నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ ఏడ్చారు. మాష్టారు కూడా, ఒక పక్కకి లాగిపోయిన నోటితోనే, నవ్వారు.

ఆ పేజీ నిండా రాసిందేమిటో మాత్రం మళ్ళీ రాయలేదు. ఆవిడ ఎన్నిసార్లో అడిగారు. తల అడ్డంగా ఊపేవారు. కాలు నొప్పి, కిటికీ వెయ్యి, మజ్జిగ ఇవ్వు, ఇలాంటివే కొట్టేవారు. ఏనాడైనా ఆయన ఆవిణ్ణి క్షమించమన్నారా అని మీరు అడగొచ్చు. నేను చదివినంతలో లేదు.

"ఏం రాసుంటారంటారు పిన్నిగారూ ఆ రోజు?" అని ఒకసారి అడిగాను.

"ఏముంటది, తిట్టే అయ్యుంటుంది. అయినా నాకు కావాలమ్మా అది" అన్నారు.

అలా ఒక ఏడాదిన్నర గడిచింది. రెండోసారి పక్షవాతం వచ్చి, ఒక పొద్దున, ఆవిడ లోపల కాఫీ కలుపుతుండగా మాష్టారు పోయారు. దినాలు అయిపోయాక ఒక సాయంత్రం చూసి వద్దామని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. పిన్నిగారు బల్ల మీద ఆయన చోటు ఖాళీగా వదిలి, ఎప్పటిలా కుడివైపే కూర్చుని ఆ ఆట ఆడుతున్నారు. కుడిచెయ్యి చకచకా పోతోంది, కళ్ళు తెర మీదే ఉన్నాయి, వేళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడ్డం లేదు. కుడివైపు ఒక్క అక్షరం కిందకి రావడం లేదు. ఎడమవైపువి మాత్రం వరసగా వచ్చి పడవ మీద పడుతున్నాయి. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది. అయిదు చిల్లులు పడ్డాయి, పడవ మునిగింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అంతే.

"ఆ వైపువి కూడా మీకు వచ్చుగా పిన్నిగారూ? కొట్టొచ్చుగా?"

"వచ్చు" అన్నారు. "అవి ఆయనవి."

నేను పక్కన ఖాళీ చోట కూర్చోబోయి, మానేసి, కింద చాప మీద కూర్చున్నాను.

ఆ కేసెట్ ఇంకో ఏడాది పని చేసింది. మొదట తెర మీద గీతలు వచ్చేవి, తీసి ఊది పెడితే వచ్చేది. తర్వాత అదీ లేదు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని బీసెంట్ రోడ్డు అంతా తిరిగాను. కొన్ని షాపుల్లో ఆ గేమే గుర్తులేదు. ఒక షాపతను మాత్రం మంచివాడు, లోపల్నుంచి అట్టపెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించాడు. అన్నీ కాల్చేవీ, గెంతేవే.

"చదువుల కేసెట్ ఊరికే ఇచ్చేవాళ్ళమండీ. ఎవరికీ అక్కర్లేదు. చాలావరకు చెత్తలో పడేశాం. అంతగా కావాలంటే ఇప్పుడు కొత్త తరం గేమ్‌లొచ్చినయ్, బొమ్మలు సినిమాలాగుంటయ్. మనవల కోసమాండీ?"

"కాదు బాబూ, నాకే" అన్నారు పిన్నిగారు.

అతను నా వైపు చూశాడు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఆ కేసెట్లన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి, మళ్ళీ పెట్టెలో సర్ది, "శ్రమ ఇచ్చాం" అని చెప్పి మెట్లు దిగారు. ఆ ఏడాదే పెంకుటిల్లు ఖాళీ చేసి, వెనక సందులో చిన్న వాటా అద్దెకి తీసుకున్నారు. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా టీవీ ఆపేసి ఉండేది, ఆవిడ దాని ముందు ఊరికే కూర్చుని ఉండేవారు. నాకూ పిల్లల చదువులు, ఆఫీసు. వారానికి ఒకసారి వెళ్ళేదాన్ని, తర్వాత నెలకి ఒకసారి.

ఆవిడ రొమ్ములో గడ్డ ఉందని నాకు తెలిసేసరికి అది పుండైపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళితే, ఏడాది క్రితం తేవాల్సిందన్నారు. కొన్ని రోజులుంచి, ఇక ఇంటి దగ్గరే చూసుకోమన్నారు. వార్డులో మంచం పక్కన కూర్చుని కోపం పట్టలేక అడిగాను. "ఏడాది నుంచీ ఉంటే ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ? వచ్చినప్పుడల్లా బాగానే ఉన్నానన్నారుగా?"

"నువ్వు ఎట్టున్నారనే అడిగావు, ఏమైందని అడగలా" అన్నారు. అని, నా మొహం చూసి, చెయ్యి పట్టుకున్నారు. "నిన్నేం అనట్లేదమ్మా. చెప్పడం నాకూ అలవాటు లేదు."

ఆ రోజు నేను నవ్వినందుకు క్షమించమని అడగాలనుకున్నాను. పధ్నాలుగేళ్ళ కిందటి మాట. ఆవిడ కళ్ళు మూసుకున్నారు, నిద్ర పట్టిందేమోనని ఊరుకున్నాను. రేపు అడుగుదామనుకున్నాను. ఇంటికి తెచ్చాక అడుగుదామనుకున్నాను. ఆవిడకి తెలిసే ఉంటుందని ఇప్పుడు సర్దిచెప్పుకుంటున్నాను గానీ, అది నా సౌకర్యం కోసం.

బుధవారం నేను వెళ్ళేసరికి పక్కవాటా ఆడవాళ్ళు ఆవిడకి స్నానం చేయించి, ఉతికిన చీర కట్టి, చాప మీద పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి తమ్ముడు వచ్చాడు. ఆయనకీ అరవై దగ్గర పడుతున్నాయి. అక్కని ఊరికి తీసుకుపోతానన్నాడు. లంకలో వాళ్ళమ్మానాన్నల పక్కన పెడతానన్నాడు. వేరే బండి కోసం ఆగలేక, మార్కెట్‌కి చేపలు తెచ్చిన వ్యానే కడిగి తీసుకొచ్చాడు. నలుగురం ఎత్తి లోపల పెట్టాం. చుట్టూ ఐసు ముక్కలు సర్దాడు, చాలా జాగ్రత్తగా, ఎక్కడ ఎంత పెట్టాలో తెలిసిన చేతుల్తో. తలుపు వేసే ముందు ఒక ముక్క తీసి మొహం దగ్గర్నుంచి కాస్త ఇవతలికి జరిపాడు. "చలంటే పడదమ్మా మా అక్కకి" అన్నాడు నాతో.

వ్యాను మెల్లగా సందు తిరిగి రోడ్డెక్కింది. వెనక తలుపు సందులోంచి ఐసు నీళ్ళు కారుతున్నాయి. తారు మీద సన్నటి తడిగీత ఒకటి, బండి ఎటు పోతే అటు, వంపు దగ్గర వంపు తిరిగి, చాలా దూరం దాకా కనిపించింది. ఎండ బాగా ఉంది. నేను చూస్తుండగానే ఆ గీత మా వైపు నుంచి ఆరిపోతూ వెళ్ళింది.